సేఫ్‌గ ఉన్నడు

సోమవారం పొద్దున పదిన్నరకు బాలలక్ష్మి చెయ్యి బెల్టులో పడింది.

సిరిసిల్లలో ఆ కార్ఖానాలో పన్నెండు సాంచెలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు, ఉన్నాయి. అన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్కమనిషి అరిచినా వినబడదు. అందుకే ఆ కేక ఎవరికీ వినబడలేదు. గోడవార కూర్చుని నూలు కండెలు చుడుతున్న సరోజన కాళ్ళ దగ్గరికి నాలుగైదు కండెలు దొర్లుకుంటూ వచ్చాయి. ఎవరి గంప పడిపోయిందా అని తలెత్తి చూసింది. ఐదో సాంచె పక్కన బాలలక్ష్మి ఒక చెయ్యి గోడకు ఆనించి, మోటారు వైపు వంగి ఉంది. వంగినట్టు లేదు, ఎవరో లాగుతున్నట్టు ఉంది.

సరోజన భర్త ఓదెలు ఆమె లేచేలోపలే తన సాంచె వదిలి దూకి స్విచ్చి కొట్టాడు. బెల్టు ఆగడానికి ఇంకో రెండు చుట్లు పట్టింది. ఆ రెండు చుట్లలోనే రెండు వేళ్ళు పోయాయి.

దవాఖానలో డాక్టరు కట్టు కట్టి, "మిగతా మూడు వేళ్ళు సేఫ్. చెయ్యే పోవాల్సింది, అదృష్టవంతురాలివి" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ బాలలక్ష్మి ఆ కట్టు వైపు చూడకుండా సరోజన కొంగు పట్టుకుని కూర్చుంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి సేటు కార్ఖానాలో ఉన్నాడు. ఐదో సాంచె మీది గుడ్డను వేళ్ళతో సాగదీసి, వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు.

"రక్తం వడ్డకాడికి కోసేయుండ్రి. మిగిలింది మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత, "పిల్ల ఎట్లున్నది?" అని అడిగాడు.

గుడ్డ కొయ్యడానికి కత్తెర ఎవరూ తియ్యలేదు. చివరికి సేటే కోసుకున్నాడు.

బుధవారం ఓదెలు సేటుతో మాట్లాడాడు. మాట్లాడే ముందు తన సాంచె ఆపాడు. అది చూసి పక్కవాడు ఆపాడు, తర్వాత ఇంకొకడు. పన్నెండూ ఆగిపోయాక కార్ఖానాలో చెవులు గుయ్యిమన్నాయి. ఎక్కడో పైకప్పులో పిచ్చుకలు అరుస్తున్నాయని సరోజనకు ఆ రోజే తెలిసింది.

"ఏం గావాలె?" అన్నాడు సేటు.

"బెల్టుల సుట్టు ఇనుప జాలీలు పెట్టియ్యుండ్రి. గంతే. సేఫ్టీ."

"పదేండ్ల సంది నడుస్తున్నయి సాంచెలు. గిప్పుడే యాదికచ్చిందా నీకు సేఫ్టీ? యాడికెల్లి అచ్చింది గీ మాట? అడివిల నుంచా?"

అడవి అంటే అన్నలు, నక్సలైట్లు. ఆ మాట వినగానే ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. ఓదెలు మాత్రం వంగి, మోటారు మీది రేకు బిళ్ళను లుంగీ అంచుతో తుడిచాడు. నూనె మడ్డి కింద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి: సేఫ్టీ ఫస్ట్.

"అడివి నుంచి గాదు సేటు. మోటరు తోనే అచ్చింది. మీరు కొన్న దినం సంది గీడనే రాసున్నది."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. సేటు నవ్వలేదు. పోతూ పోతూ సరోజన దగ్గర ఆగాడు. గొంతు తగ్గించి, "నీ పెనిమిటికి నువ్వన్న జెప్పుకో సరోజనా. సప్పుడు జెయ్యకుంట పని జేసుకుంటె అందరం సేఫ్‌గ ఉంటం. దినాలు మంచిగ లెవ్వు" అన్నాడు.

అది బెదిరింపో, బుద్ధి చెప్పడమో ఆమెకు అప్పుడు తేలలేదు. తెగిన పోగును నోటితో తడిపి ముడివేసి, మళ్ళీ రాట్నం తిప్పింది.

గురువారం తేలింది.

పని కోసం వచ్చి సరోజన వాళ్ళింట్లోనే ఉంటున్న బాలలక్ష్మి సొంతూరు కోరుట్ల; తల్లి అక్కడే ఉంటుంది. పిల్లను అక్కడ దిగబెట్టి, జరిగింది చెప్పి, సాయంత్రానికి తిరిగొస్తానని ఓదెలు పొద్దున బస్సెక్కాడు. పొద్దు గూట్లో పడే వేళకు బాలలక్ష్మి ఒక్కతే తిరిగొచ్చింది. కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో ఎత్తి పట్టుకుని, తల్లి గడప కూడా తొక్కకుండా, వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేసింది.

"బస్టాండుల దిగంగనే అక్కా. మామూలు బట్టలేసుకొని నలుగురు. 'ఓదెలువి నువ్వేనా' అన్నరు. 'ఔ' అన్నడు. గంతే, రెక్కలిరిసి వ్యానుల ఏసిండ్రు. నేను ఉరికిన. వ్యాను జగిత్యాల రోడ్డు పట్టింది. చాయ హోటలాయన నన్ను జూసి, 'మిల్లుల పోలీసు క్యాంపుకు పట్కపోతుండ్రు, నువ్వీడ నిలవడకు' అన్నడు."

ఓదెలు తల్లి లచ్చవ్వ పొయ్యి ముందు కూర్చుని అంతా విన్నది. మంట మీద రొట్టె మాడిపోతున్నా తీయలేదు. సరోజనే వంగి తీసింది.

"సేటును అడుగుదామా?" అన్నది లచ్చవ్వ.

"ఆయినకెట్ల తెలుస్తది అత్తా, కోరుట్లకు పోతుండని?"

అని, ఆ మాట పూర్తయ్యాక సరోజన ఆగిపోయింది. పొద్దున పనికి ఎందుకు రాలేదని సేటు అడిగితే, కోరుట్లకు పోయాడని చెప్పింది తనే.

శుక్రవారం మొదటి బస్సుకు ముగ్గురూ బయలుదేరారు. బాలలక్ష్మిని కోరుట్లలో ఆమె తల్లికి అప్పజెప్పి, సరోజన, లచ్చవ్వ జగిత్యాల బస్సెక్కారు. దారి మధ్యలో మిల్లు దగ్గర దింపమంటే కండక్టరు వాళ్ళ మొహాలు చూసి టికెట్టు మీద ఏదో గీసి ఇచ్చాడు.

పాత బియ్యం మిల్లు అది. ఇప్పుడు ముందు ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. వడ్లు ఎండబోసే సిమెంటు కళ్ళం మీద రెండు జీపులు నిలబెట్టి ఉన్నాయి. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న పోలీసాయన వాళ్ళ పేర్లడిగాడు. ఎవరి కోసం వచ్చారో అడిగాడు. స్టూలు మీద పెట్టిన బుక్కులో రాసుకుని, చేతి గడియారం చూసి టైం వేశాడు. పదకొండు.

లచ్చవ్వ చేతిలో గిన్నె ఉంది. పొద్దున కాల్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు. దాన్ని చూసి, "లోపలికి తీస్కపోవుడు బంద్" అన్నాడాయన.

గంటసేపు ఎండలో నిలబెట్టారు. తర్వాత లోపలికి పిలిచారు.

ఇన్‌స్పెక్టరు వరండాలో కుర్చీ వేసుకుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. కోస్తా వైపు మనిషి. తొక్క తెగకుండా ఒకే చుట్టగా తియ్యాలని చూస్తున్నాడు.

"ఎవరమ్మా మీరు?"

"ఓదెలు భార్యను సార్. సిరిసిల్ల. నిన్న కోరుట్ల బస్టాండుల దొరకవట్టుకొచ్చిండ్రట. ఈమె ఆయిన తల్లి."

"అయితే?"

"ఏం తప్పు జేసిండో ఎరుక లేదు సార్. సాంచెల కాడ జాలీ పెట్టుమన్నడు. ఒక్కపారి చూపియ్యుండ్రి."

ఇన్‌స్పెక్టరు తొక్క తెగింది. విసుగ్గా దాన్ని పక్కన పడేశాడు.

"నీ మొగుడు సేఫ్‌గా ఉన్నాడమ్మా. ఇంటికెళ్ళు."

"ఒక్కపారి మొకం జూసి పోతం సార్."

"సేఫ్ అన్నానుగా. ఇంకేం చూస్తావు? చెప్పాక వినాలి. రోజూ ఇలా గేటు దగ్గర నిలబడితే, అప్పుడు మాత్రం సేఫ్ కాదు, అతనికీ నీకూ కూడా."

లచ్చవ్వ గిన్నె కింద పెట్టి ఆయన కాళ్ళ మీద పడబోయింది. సరోజన ఆమె భుజం పట్టి ఆపింది.

"మంచిది సార్. సేఫ్‌గ ఉన్నడన్నరు గద. పోతం" అన్నది.

రోడ్డు మీదికి వచ్చాక లచ్చవ్వ నిలదీసింది. "గట్లెట్లచ్చినవే? ఒక్కపారి జూపియ్యమని ఇంకింత బతిమాలద్దా?"

"బతిమాలితె ఇంకో మాట అంటడత్తా. ఈ మాటనే ఉండనియ్యి."

జగిత్యాలలో వకీలు రాజలింగం ఇల్లు బీడీ కార్ఖానా వెనక సందులో ఉంది. ఇలాంటి కేసులు ఆయన ఒక్కడే చేపడతాడని బస్సులో ఒక ముసలాయన చెప్పాడు. వీధి వైపు కిటికీకి అద్దం లేదు, అట్టముక్క కొట్టి ఉంది. వకీలు నలభై దాటిన మనిషి. నిద్రలేని కళ్ళు. సరోజన చెప్పింది మొత్తం విని పెన్ను మూత పెట్టాడు.

"అమ్మా, నీకు అబద్ధం జెప్ప. రేపు వాళ్ళు అసలు ఓదెలు అనేటోణ్ణి మేం పట్టుకోలే అంటరు. ఎల్లుండి ఏ గుట్టకాన్నో కాల్పులైనయని పేపర్ల అస్తది. పోయిన నెల రెండు గట్లనే అయినయి. కోర్టుకు పోదామంటె, ఆయిన వాళ్ళ దగ్గరున్నడని సాక్ష్యం గావాలె. బస్టాండుల చూసినోళ్ళు ఎవరన్న జెప్తరా?"

"బాలలక్ష్మి జెప్తది."

"దెబ్బ తగిలిన పిల్ల. రేపు వాళ్ళింటికి జీపు పోతది. తల్లి ఏడుస్తది. నిలవడుతదా?"

నిలబడుతుందనే సరోజన అనుకుంది. కానీ ఆ ఇంటి ముందుకు జీపు రావడానికి తను కారణం కావడం ఆమెకు ఇష్టం లేదు. లచ్చవ్వ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"సార్" అన్నది సరోజన. "నాకు సదువు రాదు. ఒకటి అడుగుత. సేఫ్ అంటె ఏంది?"

"సేఫ్ అంటే... క్షేమం. ఏ ఆపద లేకుంట ఉండుడు. ఎందుకు?"

"మా సేటు సేఫ్ అంటె నోరు మూసుకునుడు. డాక్టరు సేఫ్ అంటె పోంగ మిగిలింది. ఒక్కొక్కలు ఒక్కొక్క తీరుగ అంటుండ్రు. ఏ తీరుగ అన్నా, ఉన్నదాన్నే అంటరు గద సార్? లేనోడు సేఫ్‌గ ఎట్లుంటడు?"

వకీలు ఆమె వైపు చూశాడు.

"ఎవరన్నరు ఆ మాట?"

"ఇన్‌స్పెక్టరు సారే. 'నీ మొగుడు సేఫ్‌గా ఉన్నాడు' అన్నడు. మా అత్త ఇన్నది. గేటు కాడ బుక్కుల మా పేర్లు రాసుకున్నరు. పదకొండు గంటలని టైం గూడ ఏసిండ్రు."

వకీలు పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టి లేచి నిలబడ్డాడు. గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు.

"పిటిషన్ తయారు జేసి వేసేసరికి సోమవారమైతది. అప్పటిదాక..." అని ఆగాడు.

"ఆయినకే ఓ టెలిగ్రాం కొడ్త సార్" అన్నది సరోజన.

"ఎవరికి? ఇన్‌స్పెక్టరుకా?"

"ఔ. మంచి మాట జెప్పినందుకు దండాలని. ఆయినకు కొట్టినట్టు పెద్ద సార్లకు గూడ ఎరుక గావాలె. ఆయిన సేఫ్‌గ ఉన్నడని ఊరంత ఎరుకైనంక, మల్ల లేడనెట్లంటరు?"

వకీలు కుర్చీ దగ్గరికి లాక్కుని, కాయితం తీసి ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాడు. రాసింది తెలుగులో చదివి వినిపించాడు. ఫలానా ఓదెలు మీ క్యాంపులో సేఫ్‌గా ఉన్నాడని శుక్రవారం పగలు పదకొండు గంటలకు వచ్చిన నాకు, మా అత్తకు మీరు చెప్పినందుకు కృతజ్ఞతలు. కోర్టులో హాజరు పరిచేదాకా అలాగే సేఫ్‌గా చూసుకోగలరు. ఇట్లు, భార్య సరోజన. నకలు: జిల్లా జడ్జి, కలెక్టరు, హైకోర్టు, రెండు పేపర్లు.

"మల్లొకపారి సదువుండ్రి" అన్నది ఆమె. రెండోసారి విన్నాక, "సేఫ్ అన్న కాడ ఆయిన ఎట్లన్నడో గట్లనే ఉండాలె. మార్చద్దు" అన్నది.

పోస్టాఫీసులో తారు, అంటే టెలిగ్రాం, కొట్టే గుమస్తా కాయితం చదివి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"పోలీసాయన పేరు మీదనే కొడుతున్నవా? ఎందుకమ్మా గీ లొల్లి? ఇంకోపారి సోంచాయించు."

"తాంక్సు జెప్పుడు గూడ తప్పేనా సార్?"

గుమస్తా కాయితాన్ని ముందు పెట్టుకుని మీట కొట్టడం మొదలుపెట్టాడు. కటకటమని ఆ చప్పుడు ఆగి ఆగి పోతూ ఉంది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, అన్నీ పోయేదాకా సరోజన కౌంటరు కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. ఎవరో పక్కకు జరగమంటే జరగలేదు. గోడ గడియారంలో మూడున్నర కావస్తోంది. గుమస్తా రసీదులు చింపి ఇస్తూ, ఈసారి మెల్లగా, "పోయినయి బిడ్డా" అన్నాడు.

సోమవారం మళ్ళీ జగిత్యాలకు పోవాలి గనక శని, ఆదివారాలు సరోజన, లచ్చవ్వ కోరుట్లలో బాలలక్ష్మి తల్లి ఇంట్లో ఉన్నారు. ఆ తల్లి బీడీలు చేస్తుంది. సరోజన ఊరికే కూర్చోలేక తనూ తునికాకు కత్తిరించింది. నానబెట్టిన ఆకును రేకుముక్క పెట్టి ఒకే కొలతకు కోస్తూ ఉంటే వేళ్ళు పనిలో పడతాయి, ఆలోచన ఆగదు. రోడ్డు మీద బండి చప్పుడైతే కత్తెర ఆగేది. పేపరు వస్తే బాలలక్ష్మి అన్నీ చదివేది. కాల్పుల వార్త ఏదీ లేదని చెప్పేదాకా లచ్చవ్వ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఒక కానిస్టేబులు వచ్చాడు. వాకిట్లో నిలబడే అడిగాడు.

"టెలిగ్రాం కొట్టింది ఎవరు?"

సరోజన ఒళ్ళోని ఆకులు గంపలో పోసి లేచింది. "నేనే."

"ఎవరు రాసిచ్చిండ్రు?"

"నేను జెప్పిన. రాసెటోళ్ళు రాసిండ్రు. అబద్ధమేమన్న ఉన్నదా సార్ అండ్ల?"

"మస్తు మాటలు నేర్చినవు. సార్ నీ మీద గరం గరం ఉన్నడు. సోమవారం దాక నోరు మూస్కొని ఉండు."

"సోమవారం ఏమున్నది సార్?"

కానిస్టేబులు మొహం మాడింది. నోరు జారినట్టు అతనికి తెలిసింది. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సరోజన వెనక్కి తిరిగి లచ్చవ్వతో, "రేపు కోర్టుకు తెస్తరత్తా. పొద్దుగాల్నే పోవాలె" అన్నది. కత్తెర తీసి గంపలో పెట్టేసింది.

సోమవారం పన్నెండు దాటాక వ్యాను వచ్చింది. ముందు ఇద్దరు పోలీసులు దిగారు. తర్వాత ఓదెలు. ఒంటి మీద ఎవరిదో వదులు చొక్కా. పాదాలు పూర్తిగా ఆనించకుండా, అంచుల మీద నడుస్తున్నాడు.

కోర్టులో ఓదెలు దగ్గర ఏవో కరపత్రాలు దొరికాయని పోలీసులు చదివారు. ఆదివారం సాయంత్రం పట్టుకున్నామని చెప్పారు. రాజలింగం లేచి శుక్రవారం నాటి టెలిగ్రాం నకలును రసీదుతో సహా మెజిస్ట్రేటు ముందు పెట్టాడు. మెజిస్ట్రేటు దాన్ని చదివాడు. తేదీ దగ్గర వేలు పెట్టి, ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"దెబ్బలేమైనా కొట్టారా?" అని మెజిస్ట్రేటు ఓదెలును అడిగాడు.

"కొట్టిండ్రు సార్" అన్నాడు ఓదెలు.

మెజిస్ట్రేటు అది రాసుకున్నాడు. డాక్టరుకు చూపించమని, తర్వాత జైలుకు పంపమని అన్నాడు. విడిచిపెట్టలేదు. బెయిలుకు వారం పది రోజులు పడుతుందని వకీలు చెప్పాడు. "జైలు రికార్డు ఎక్కిండు. ఇగ ఏం గాదు" అన్నాడు.

వ్యాను ఎక్కించే ముందు రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. లచ్చవ్వ కొడుకు చేతులు, గదవ, చెవులు తడిమి చూసుకుంది.

"బాలలక్ష్మి చెయ్యెట్లున్నది?" అని అడిగాడు ఓదెలు.

"మానుతున్నది. నీ కాళ్ళు?"

"నడువస్తది." అతను ఒకసారి పోలీసుల వైపు చూసి గొంతు తగ్గించాడు. "శుక్రారం పొద్దుమీకి నన్ను జీపెక్కిచ్చిండ్రు. కండ్లకు గుడ్డ గట్టిండ్రు. జీపు స్టార్టు జేసిండ్రు గూడ. గంతల ఎవడో ఏందో కాయితం పట్కచ్చిండు. ఇన్‌స్పెక్టరు మస్తు తిట్టిండు, ఎవల్నో ఏమో. మల్ల దించిండ్రు. అటెన్క కొట్టలే. అన్నం గూడ వెట్టిండ్రు." ఆగి, "ఎందుకు దించిండ్రో ఇప్పటికీ సమజైతలేదు" అన్నాడు.

సరోజన అతని వదులు చొక్కా గుండీ ఒకటి పెట్టకుండా ఉంటే చూసింది. పెట్టబోయి, గుండీయే లేదని తెలిసి, ఆ చోట గుడ్డను రెండు వేళ్ళతో దగ్గరికి పట్టుకుని అలాగే ఉంది.

"ఇంటికచ్చినంక జెప్త" అన్నది.

వ్యాను పోయింది. లచ్చవ్వ కోర్టు మెట్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. సరోజన పక్కన కూర్చుంది గానీ ఏడుపు రాలేదు. బొగ్గులారిన పొయ్యిలా ఒళ్ళంతా చల్లబడి ఉంది.

"నువ్వేనా బిడ్డా, తారు కొట్టినామెవు?"

తలెత్తి చూసింది. నెరిసిన జుట్టు, మోకాళ్ళదాకా దుమ్ము. చెప్పులు చేతిలో పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది.

"నేను లసుమవ్వను. వెల్గటూరు. మా కొడుకు ముత్యం. కూలికి పోతుంటె నిన్న పొద్దుగాల పట్కపోయిండ్రు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు. వకీలు కాడికి పోతె, గామె నడుగు, గామె చేసిందన్నడు."

"పోలీసోళ్ళు ఏమన్నరు అవ్వా?"

లసుమవ్వ చెప్పులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తీసుకుంది.

"మాకాడ లేడన్నరు."

ఆ మాటకు ఏం చెయ్యాలో సరోజనకు తెలియదు. ఇన్‌స్పెక్టరు ఒక్క మాట తేలిగ్గా అనకపోయి ఉంటే తన చేతిలో కూడా ఏమీ ఉండేది కాదు. ముసలామె ఆమె మొహం వైపే చూస్తోంది. జగిత్యాల ఎండలో కోర్టు ఆవరణ ఖాళీ అవుతోంది. నల్ల కోట్లు సైకిళ్ళు తీస్తున్నాయి.

సరోజన పక్కకు జరిగి మెట్టు మీద చోటిచ్చింది.

"ఈడ కూసో అవ్వా. ఎక్కడ పట్టుకున్నరు, ఎవరెవరున్నరు, మొదటి సంది జెప్పు. నేనింట."

లసుమవ్వ చెప్పులు పక్కన పెట్టి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది.